కాకసస్ పర్వతాల సహజ సోడా బుగ్గలు

నల్ల సముద్రం నుంచి కాస్పియన్ సముద్రం దాకా సుమారు 1,200 కిలోమీటర్లు సాగే కాకసస్ పర్వతాల్లో, రాతి పగుళ్ల నుంచి బుసబుసమంటూ పైకి వచ్చే ఖనిజజలపు బుగ్గలు వందల సంఖ్యలో ఉన్నాయి. దోసిట పడితే బుడగలు లేస్తాయి. నోట పోసుకుంటే కాస్త పుల్లగా, నాలుకకు చురుక్కుమని తగులుతుంది. అంగడి సోడాలో యంత్రంతో ఎక్కించే కార్బన్ డయాక్సైడ్ ఈ నీటిలో భూగర్భంలోనే కలిసి వస్తుంది. ఉత్తరపు వాలున రష్యాలోని కిస్లవోద్స్క్, ఎస్సెంతుకి, ప్యాతిగోర్స్క్, జెలెజ్‌నవోద్స్క్ పట్టణాలు, దక్షిణాన జార్జియాలోని బోర్జోమి, ఆర్మేనియాలోని జెర్ముక్ ఇలాంటి నీటి చుట్టూ పెరిగి పెద్దవైనవే.

ప్రపంచంలో ఇటువంటి ఊటలు మరికొన్ని చోట్ల ఉన్నాయి. ఫ్రాన్స్‌లోని ఒవెర్న్, జర్మనీలోని ఐఫెల్ కొండలు, రుమేనియాలోని తూర్పు కార్పేథియన్లు, అమెరికాలో కొలరాడోలోని మానిటూ స్ప్రింగ్స్ వాటిలో పేరున్నవి. అయితే చల్లనివీ వేడివీ, తేలికవీ ఉప్పనివీ, ఇనుము ఉన్నవీ గంధకపు వాసన వేసేవీ, రేడాన్ ఉన్నవీ ఒక్క రోజులో చుట్టిరాగలిగినంత దగ్గరలో దొరకడం అరుదు. కాకసస్‌కు ఆ భాగ్యం ఉంది. ఖనిజజలాల పరిశోధనలో ఈ కొండలకు దక్కిన పెద్దపీటకు కారణం అదే.

వాయువు పుట్టుక

ఈ బుగ్గలను అర్థం చేసుకోవాలంటే ముందు పట్టుకోవలసింది వాయువును. నీటికి రుచి ఇచ్చేది, రాతిని కరిగించి లవణాలు చేర్చేది, లోతుల నుంచి నీటిని పైకి తోసేది, స్నానం చేసినవాడి చర్మాన్ని ఎర్రబరిచేది, సీసాలో నింపేవాణ్ని ఇబ్బంది పెట్టేది, అజాగ్రత్తగా గోతిలోకి దిగినవాడి ప్రాణం తీసేది కూడా అదే.

లోతున కార్బన్ డయాక్సైడ్ ప్రధానంగా రెండు విధాల పుడుతుంది. భూప్రావారం నుంచి పైకి చొచ్చుకొచ్చిన మాగ్మా చల్లబడుతూ తనలోని వాయువులను వదిలిపెడుతుంది. లేదా సున్నపురాయి, డోలమైట్ వంటి కార్బనేట్ శిలలు లోపలి వేడికి విచ్ఛిన్నమై వాయువును విడుదల చేస్తాయి. సున్నపు బట్టీలో రాయి కాలినప్పుడు జరిగే చర్య ఇటువంటిదే. కాకసస్‌లో రెండూ జరిగాయి. ఫలానా ఊటలోని వాయువు ఎంత లోతు నుంచి వచ్చిందో తేల్చడానికి శాస్త్రవేత్తలు దానితో కలిసి వచ్చే హీలియం ఐసోటోపులను కొలుస్తారు. హీలియం-3 భూమి పుట్టిన నాటి నుంచి ప్రావారంలో దాగి ఉన్నది. హీలియం-4 భూపటలంలోని యురేనియం, థోరియం క్షయం వల్ల ఎప్పటికప్పుడు పుడుతూ ఉంటుంది. ఎల్‌బ్రుస్, కజ్‌బెక్ శిఖరాల చుట్టుపక్కల ఊటల్లో హీలియం-3 పాలు ఎక్కువగా కనిపిస్తుంది. అంటే అక్కడి వాయువులో కొంత నేరుగా ప్రావారం నుంచి వస్తున్నదే.

ఆ ఎల్‌బ్రుస్ ఒక అగ్నిపర్వతం. 5,642 మీటర్ల ఎత్తుతో రష్యాలోకెల్లా పెద్ద శిఖరం. అది చివరిసారి రగిలి దాదాపు రెండు వేల ఏళ్లయింది. దానికి ఉత్తరాన, ప్యాతిగోర్స్క్ చుట్టూ మైదానంలో విడివిడిగా లేచిన కొండలు మరో రకం. దాదాపు 80 లక్షల ఏళ్ల కిందట మాగ్మా పైకి వచ్చి, నేల పొరలను పొంగించి, వాటిని పూర్తిగా బద్దలు కొట్టలేక అక్కడే గడ్డకట్టింది. ఇటువంటి వాటిని భూగర్భ శాస్త్రంలో లాకోలిత్‌లు అంటారు. 1,401 మీటర్ల బేష్‌తావు, 993 మీటర్ల మషూక్, జెలెజ్‌నయ కొండ ఈ కోవలోవి. మాగ్మా పొడుచుకొచ్చినప్పుడు చుట్టూ ఏర్పడిన పగుళ్లే ఈనాడు వాయువుకూ నీటికీ దారులు.

నీటి ప్రయాణం

నీరు మాత్రం ఆకాశం నుంచి వచ్చినదే. ఎల్‌బ్రుస్‌కు ఉత్తరంగా వరుసలు తీరిన శ్రేణుల మీద కురిసిన వాన, కరిగిన మంచు జురాసిక్, క్రెటేషియస్ కాలాల సున్నపురాయి పొరల్లోకి ఇంకుతాయి. ఆ పొరలు ఉత్తరానికి వాలి ఉన్నాయి. అందువల్ల ఇంకిన నీరు మైదానం దిక్కుగా, అంతకంతకూ లోతుకు పోతుంది. దారిలో పగుళ్లు అడ్డు తగిలిన చోట కింది నుంచి వస్తున్న వాయువు దానిలో కలుస్తుంది.

వాయువు నీటిలో ఎంత కరుగుతుందన్నది చలి మీద, ఒత్తిడి మీద ఆధారపడుతుంది. సాధారణ వాతావరణ పీడనంలో, సున్నా డిగ్రీల సెల్సియస్ దగ్గర లీటరు నీటిలో సుమారు 3.3 గ్రాముల కార్బన్ డయాక్సైడ్ కరుగుతుంది. 25 డిగ్రీల దగ్గర అది 1.5 గ్రాములకు పడిపోతుంది. భూగర్భంలో పీడనం ఎన్నో రెట్లు ఎక్కువ కనుక అక్కడ ఇంకా చాలా ఎక్కువ కరగగలదు. కరిగిన వాయువు నీటితో కలిసి కార్బోనిక్ ఆమ్లంగా మారుతుంది. ఆమ్లం బలహీనమైనదే గానీ, వేల ఏళ్ల తీరిక దొరికితే సున్నపురాయిని తినేస్తుంది. మన బొర్రా గుహలనూ బెలుం గుహలనూ తొలిచినది ఈ రసాయన చర్యే. అక్కడ నేల పైపొరల నుంచి ఇంకిన నీటిలోని కొద్దిపాటి వాయువు ఆ పని చేస్తే, కాకసస్‌లో లోతుల నుంచి పుష్కలంగా వచ్చే వాయువు చేస్తున్నది. కాల్షియం, మెగ్నీషియం, సోడియం, ఇనుము ఒక్కొక్కటీ నీటిలోకి చేరుతాయి. ఏ పొర గుండా ఎంత కాలం నడిచిందన్నదాన్ని బట్టి నీటి గుణం మారుతుంది.

పైకి రావడంలోనూ వాయువే నడిపిస్తుంది. నీరు ఉపరితలానికి దగ్గరయ్యేకొద్దీ పీడనం తగ్గి బుడగలు కడుతుంది. బుడగలు నిండిన నీటి స్తంభం తేలికపడుతుంది. చుట్టూ ఉన్న బరువైన నీరు దాన్ని పైకి నెడుతుంది. ఎవరూ తోడకుండానే ఊట ఎగజిమ్ముతుంది. బయటపడగానే వాయువు ఎగిరిపోతుంది. అప్పటిదాకా దాని బలంతో కరిగి ఉన్న సున్నం ఇక నిలవలేక రాయిగా పేరుకుంటుంది. ఆ రాయికి ట్రావర్టైన్ అని పేరు. ప్యాతిగోర్స్క్‌లోని గరియాచయ గుట్ట ఇలా బుగ్గలు తమకు తాము కట్టుకున్నదే. ఇనుము గాలి తగలగానే ఎర్రని తుప్పుగా మారి రాళ్లకు పూతపడుతుంది. కొండదారుల్లో వెళ్లేవాళ్లకు వాయుజలపు ఊట ఉన్న చోటును ముందు పట్టిచ్చేది ఆ ఎరుపే.

కిస్లవోద్స్క్, నర్జాన్

ఈ కుటుంబంలో పెద్ద నర్జాన్. కిస్లవోద్స్క్ పట్టణం నడిబొడ్డున, పద్‌కూమక్ నదికి చేరే అల్ఖోవ్క, బెర్యోజవ్క వాగుల లోయలో, సముద్రమట్టానికి 800 మీటర్లకు పైన ఇది పుడుతుంది. నీటి ఉష్ణోగ్రత 12, 13 డిగ్రీలు. ఆ చల్లదనం వల్లనే వాయువు నీటిని అంటిపెట్టుకుని ఉంటుంది. లీటరుకు దాదాపు 2 గ్రాముల లవణాలు, అందులో ముఖ్యంగా కాల్షియం, మెగ్నీషియం బైకార్బనేట్లు, సల్ఫేట్లు. అందువల్ల దాహానికి తాగినా వెగటు వేయదు.

పట్టణంలో నర్జాన్ మూడు రకాలుగా దొరుకుతుంది. పాత బుగ్గ నుంచి వచ్చేది సాధారణ నర్జాన్. డోలమైట్ పొరల నుంచి వచ్చేదానిలో లవణాలు కాస్త ఎక్కువ. సల్ఫేట్ నర్జాన్ మరింత గాఢం, వాయువు కూడా అందులోనే అధికం. ఒకే పట్టణం కింద, ఒకదాని కింద ఒకటిగా ఉన్న వేర్వేరు పొరల నుంచి ఇవి వస్తాయి. లోతైన గాఢ జలం, పైపొరల పలచని జలం కలిసిన మిశ్రమమే సాధారణ నర్జాన్ అన్నది 20వ శతాబ్దపు భూగర్భ శాస్త్రవేత్తలు తేల్చిన సంగతి. ఈ నిర్ణయం కాగితాల మీద మిగిలిపోయేది కాదు. బుగ్గ నుంచి అతిగా తోడితే లోపలి ఒత్తిడి తగ్గి, పక్కనున్న వాగు నీరు కూడా మిశ్రమంలోకి చొరబడుతుంది. నర్జాన్ పలచబడుతుంది. బుగ్గ మీద కట్టిన తొట్టిలో నీటిమట్టం అతిగా పెంచితే నర్జాన్ మరో పగులు చూసుకుని తప్పించుకుపోతుంది. ఈ రెంటి మధ్య సరైన మట్టం కనుక్కోవడానికి ఇంజనీర్లు తరాల తరబడి కష్టపడ్డారు.

1848 నుంచి 1858 దాకా ఆంగ్ల వాస్తుశిల్పి శామ్యూల్ అప్టన్ ఇక్కడ కట్టిన నర్జాన్ గ్యాలరీ నేటికీ నిలిచి ఉంది. పొడవాటి కమానుల మండపం, లోపల అద్దం కింద కుతకుతలాడే బావి, పక్కనే నీరు పట్టుకునే కుళాయిలు. చలికాలంలోనూ వానల్లోనూ జనం నడుస్తూ నీళ్లు తాగడానికి వీలుగా కట్టారు. ఇటువంటి భవనాన్ని బుగ్గ మీద మోజుతో కట్టలేదు. వాయువు తప్పించుకోకముందే, ఊట నోటి దగ్గరే నీరు తాగాలన్న వైద్యుల పట్టుదల ఆ కట్టడానికి ఆ ఆకారాన్నిచ్చింది.

ఇరుగుపొరుగు బుగ్గలు

ఎస్సెంతుకి నీరు నర్జాన్‌కు పూర్తిగా వేరు. సోడియం బైకార్బనేట్, ఉప్పు ప్రధానంగా ఉండే క్షార జలం. 4వ నంబరు నీటిలో లీటరుకు 7 నుంచి 10 గ్రాముల లవణాలు, 17వ నంబరులో 10 నుంచి 14 గ్రాములు. రెండోది నోటికి ఉప్పగా, సబ్బు నీళ్లలా జారుడుగా తగులుతుంది. దాన్ని మందుగానే చూడాలి. ఈ నంబర్లు 1823లో ఇక్కడికి వచ్చిన రసాయన, ఔషధ శాస్త్రవేత్త అలెగ్జాండర్ నెల్యూబిన్ ఊటలకు వేసిన వరుస సంఖ్యలు. రెండు వందల ఏళ్ల తర్వాత సీసాల మీద అవే నిలిచాయి.

జెలెజ్‌నవోద్స్క్ బుగ్గలు వేడివి. స్లవ్యానోవ్‌స్కయ నీరు 50 డిగ్రీలకు పైబడిన వేడితో వస్తుంది. 1914లో నికోలాయ్ స్లవ్యానోవ్ వేయించిన బోరుబావి నుంచి వచ్చింది కనుక ఆయన పేరు పెట్టారు. పక్కనే ఉన్న స్మిర్నోవ్‌స్కయ వైద్యుడు సెమ్యోన్ స్మిర్నోవ్ పేరిట ఉంది. రెండింటిలోనూ లీటరుకు 3, 4 గ్రాముల లవణాలు.

ప్యాతిగోర్స్క్‌లో మాత్రం దేన్ని చెప్పి దేన్ని వదలాలో తోచదు. మషూక్ కొండ పాదం చుట్టూ 40కి పైగా ఊటలు. గంధకపు వాసన వేసే వేడి వాయుజలాలు, రేడాన్ జలాలు, చల్లని నర్జాన్ వంటివి అన్నీ ఉన్నాయి. కొండ వాలులో ప్రవాల్ అనే పైకప్పు కూలిన గుహ ఒకటి ఉంది. దాని అడుగున గంధకం వల్ల నీలంగా మెరిసే చిన్న సరస్సు. 1858లో కొండను తొలిచి సొరంగం వేశాక అక్కడికి నడిచి వెళ్లగలుగుతున్నారు.

ఎత్తైన లోయల్లో

పట్టణాలు దాటి పెద్ద కొండల్లోకి పోతే బుగ్గలు ఏ మండపమూ లేకుండా రాళ్ల మధ్యే కనిపిస్తాయి. ఎల్‌బ్రుస్ ఉత్తర పాదం దగ్గర, మల్క నది పుట్టిన చోట, 2,300 మీటర్లకు పైన జీలీ-సు ఉంది. అక్కడి గోరువెచ్చని వాయుజలంలో కొండ పశువుల కాపరులూ, దూరం నుంచి వచ్చినవాళ్లూ వేసవిలో స్నానాలు చేస్తారు. బక్సాన్ లోయలో పర్వతారోహకులు విడిది చేసే ఊళ్ల దగ్గర ఇనుము బాగా ఉన్న చల్లని ఊటలు ఎర్రని మరకలు వేసుకుంటూ పారుతాయి.

దక్షిణాన, జార్జియాలో తెరెక్ నది తలాపున ఉన్న త్రూసో లోయను చూసినవాళ్లు మరచిపోరు. లోయ అడుగంతా తెల్లగా, నారింజ రంగుగా పేరుకున్న ట్రావర్టైన్ తిన్నెలు, వాటి మీదుగా పల్చగా జారే ఖనిజజలం, పచ్చిక మధ్య ఎడతెగక బుడగలు కక్కే ఒక చిన్న సరస్సు. వేల ఏళ్లుగా వాయువు నేల మీద వదిలిన లెక్కంతా అక్కడ ఒకే చూపులో కనిపిస్తుంది.

బోర్జోమి, జెర్ముక్

చిన్న కాకసస్ కొండల్లో, కుర నది లోయలోని బోర్జోమి బుగ్గలను 1829లో రష్యా సైన్యపు ఖేర్సన్ గ్రెనేడియర్ దళం సైనికులు కనుగొన్నారు. దళాధిపతి కర్నల్ పోపోవ్ కడుపు జబ్బుతో ఆ నీరు తాగి ఉపశమనం పొందాడన్న మాట అప్పుడే వ్యాపించింది. 1840ల మొదట్లో కాకసస్ పాలనాధికారి గొలోవిన్ తన కూతురు ఎకతెరీనను చికిత్సకు అక్కడికి తీసుకువెళ్లాడు. ఒక బుగ్గకు ఆమె పేరే ఉంది. 1890లలో రాజవంశీకుడు మిఖాయిల్ నికొలాయెవిచ్ ఆధ్వర్యంలో సీసాల్లో నింపడం పెద్ద ఎత్తున మొదలైంది. బోర్జోమి నీరు సోడియం బైకార్బనేట్ తరగతికి చెందినది. లవణాలు లీటరుకు 5 నుంచి 7.5 గ్రాములు. 38 నుంచి 41 డిగ్రీల వెచ్చదనంతో పైకి వస్తుంది. సోవియట్ కాలంలో యూనియన్ అంతటా భోజనాల బల్ల మీదికి చేరిన నీరు ఇది. 2006లో రష్యా జార్జియా ద్రాక్షసారాయితో పాటు దీని దిగుమతినీ నిషేధించింది. 2013లో మళ్లీ అనుమతించింది. రెండు దేశాల తగవులో ఒక నీటి సీసా ఇంతగా చిక్కుకోవడం చూస్తే, ఈ ఊటలు అక్కడి జనజీవితంలో ఎంత లోతుకు పాకాయో తెలుస్తుంది.

ఆర్మేనియాలోని జెర్ముక్ అర్ప నది ఎగువన, 2,000 మీటర్ల ఎత్తున ఉంది. వేడి వాయుజలాలకు పేరుపడ్డ ఊరు. దాని గురించి చేదు సంగతి కూడా చెప్పుకోవాలి. 2007 మార్చిలో అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ జెర్ముక్ పేరుతో అమ్ముతున్న కొన్ని సీసాల నీటిని తాగవద్దని హెచ్చరించింది. వాటిలో లీటరుకు 500 నుంచి 600 మైక్రోగ్రాముల ఆర్సెనిక్ ఉన్నట్టు పరీక్షల్లో తేలింది. అక్కడి పరిమితి 10 మైక్రోగ్రాములు. రాతిని కరిగించే నీరు మంచివాటినే ఎంచుకుని కరిగించదు. ప్రకృతి నుంచి వచ్చింది కాబట్టి మేలే చేస్తుందన్న నమ్మకం ఈ రంగంలో చాలా ప్రమాదకరం.

బుగ్గలు ఆరోగ్యధామాలుగా మారిన తీరు

ఈ నీటి గుణం కొండజనాలకు ఎప్పటి నుంచో తెలుసు. కబార్దీ, కరచాయ్, బల్కార్ ప్రజలు నర్జాన్‌ను తాగారు, అందులో మునిగారు, గాయపడ్డ గుర్రాలను కూడా దాని దగ్గరికి తోలుకొచ్చారు. రాతపూర్వక చరిత్ర రష్యా చక్రవర్తి మొదటి పీటర్‌తో మొదలవుతుంది. 1717లో ఆయన పంపిన వైద్యుడు గాట్లీబ్ షోబర్ తెరెక్ ప్రాంతపు వేడినీటి ఊటలను చూసి, చెర్కెస్‌ల నేలలో మంచి పుల్లని ఊట ఒకటి ఉందని నివేదికలో రాశాడు. 1773లో గుల్డెన్‌స్టెడ్ట్, 1793లో పీటర్ సైమన్ పల్లాస్ అనే శాస్త్రవేత్తలు వచ్చారు. నర్జాన్ ఊటను వివరంగా వర్ణించినవాడు పల్లాస్. 1803లో చక్రవర్తి మొదటి అలెగ్జాండర్ ఈ జలాలకు ప్రభుత్వ ప్రాముఖ్యం ఉందని ఆజ్ఞాపత్రం ఇచ్చాడు. అదే ఏడు కిస్లవోద్స్క్ కోట లేచింది.

ఈ క్రమాన్ని వైద్యం కథగా మాత్రమే చెబితే సగం దాచినట్టే. కోటలు కొండజనాల నేల మీద లేచాయి. కాకసస్ యుద్ధం దశాబ్దాల పాటు సాగింది. ఖనిజజలపు పట్టణాల్లో తొలి రోగులు చాలామంది ఆ యుద్ధంలో గాయపడ్డ అధికారులు. అదే సమయంలో, స్థానికుల తోడ్పాటు లేకుండా బయటివాళ్లకు చాలా బుగ్గలు దొరికేవి కావు. 1809, 1810 సంవత్సరాల్లో ఇక్కడ తిరిగిన జర్మన్ వైద్యుడు ఫ్యోదర్ హాస్‌ను జెలెజ్‌నయ కొండ వేడి బుగ్గల దగ్గరికి తీసుకువెళ్లింది కబార్దీ రాజకుమారుడు ఇజ్మయిల్-బేయ్ అతాజుకిన్. హాస్ 1811లో తన పరిశీలనలను పుస్తకంగా అచ్చువేశాడు. ఆ తర్వాత మాస్కో చెరసాలల్లో ఖైదీల వైద్యుడిగా ఆయన చేసిన సేవ రష్యా ఎప్పటికీ మరవనిది.

1820లలో రష్యా సేనాధిపతి జనరల్ యెర్మోలోవ్ హయాంలో ప్యాతిగోర్స్క్ పట్టణంగా రూపుదిద్దుకుంది. స్నానశాలలూ తోటలూ వేసినవాళ్లు స్విట్జర్లాండ్ నుంచి వచ్చిన బెర్నర్‌దాజ్జి సోదరులు. కిస్లవోద్స్క్ ఉద్యానవనం 1823 నాటిది. కవి పూష్కిన్ 1820లోనూ 1829లోనూ వచ్చాడు. లెర్మొంతోవ్ 1840లో అచ్చయిన తన నవల ‘మన కాలం వీరుడు’లో ఒక భాగమంతా ఈ ఊళ్లలోనే నడిపాడు. కథానాయకుడు పెచోరిన్ ద్వంద్వయుద్ధానికి వెళ్లే ఉదయం నర్జాన్‌లో స్నానం చేస్తాడు. 1841 జులైలో మషూక్ కొండ పాదాన అటువంటి ద్వంద్వయుద్ధంలోనే లెర్మొంతోవ్ 26 ఏళ్ల వయసులో హతమయ్యాడు. సోవియట్ ప్రచురణాలయాల తెలుగు అనువాదాలతో రష్యన్ సాహిత్యం చదువుతూ పెరిగిన మన పాఠకులకు ఈ కొండలు పరాయివిగా తోచవు.

శాస్త్రం గట్టిపడింది 1863లో. ఆ ఏడు సెమ్యోన్ స్మిర్నోవ్ ప్యాతిగోర్స్క్‌లో రష్యన్ బాల్నియాలజీ (ఖనిజజల వైద్యశాస్త్రం) సంఘాన్ని స్థాపించాడు. రోగి లక్షణాలూ నీటి విశ్లేషణా పక్కపక్కన పెట్టి చూడటం అప్పటి నుంచి అలవాటయింది. 1894లో మినరాల్నియె వోదీ పట్టణం నుంచి కిస్లవోద్స్క్‌కు రైలు వచ్చింది, అదే ఏడు నర్జాన్ సీసాల కర్మాగారం కూడా. 1919లో సోవియట్ ప్రభుత్వం ఆరోగ్యధామాలను జాతీయం చేసింది. 1920లో ప్యాతిగోర్స్క్‌లో బాల్నియాలజీ పరిశోధన సంస్థ వెలిసింది. ప్రభువుల విడిదులు కార్మికుల శానిటోరియంలయ్యాయి. రెండో ప్రపంచ యుద్ధంలో ఈ పట్టణాలు ఆసుపత్రులుగా మారాయి. 1942 ఆగస్టు నుంచి 1943 జనవరి దాకా జర్మన్ సేనల ఆక్రమణలో నలిగాయి.

సీసాలో నిలపడం

ఊట దగ్గర బుసబుసలాడే నీరు సీసాలో పోస్తే ఎందుకు చప్పబడుతుందో పై రసాయన శాస్త్రమే చెబుతుంది. వాయువు పోతే సున్నం అడుగున పేరుకుంటుంది, ఇనుము ఎర్రని మడ్డి అవుతుంది. అందుకని గాలి తగలకుండా నింపడం, పోయిన వాయువును తిరిగి ఎక్కించడం, ఇనుమును ముందే తొలగించడం వంటి పద్ధతులు వచ్చాయి. ఐరోపా సమాఖ్య నిబంధనల్లో ఈ తేడాలకు వేర్వేరు పేర్లున్నాయి. ఊటలో ఉన్నంత వాయువే సీసాలో ఉంటే సహజ వాయుజలం. అదే ఊట వాయువును అదనంగా కలిపితే మరొక తరగతి. బయటి వాయువు ఎక్కిస్తే ఇంకొకటి.

తెలుగువారి గోళీ సోడాకు ఈ కొండ బుగ్గలతో దూరపు చుట్టరికం ఉంది. 18వ శతాబ్దపు ఐరోపాలో ఊట నీరు ఖరీదైన మందు, దూరాల నుంచి తేవాల్సి వచ్చేది. 1767లో ఇంగ్లండులో జోసెఫ్ ప్రీస్ట్‌లీ బీరు బట్టీ తొట్టి మీద తేలే వాయువును నీటిలో కలిపి చూశాడు. 1772లో ఆ పద్ధతిని అచ్చువేశాడు. స్వీడన్‌లో టోర్బెర్న్ బెర్గ్‌మన్ తన ఆరోగ్యం కోసం తాగే జర్మన్ ఊటనీటికి నకలు చేయాలని అదే దారి పట్టాడు. 1783లో జెనీవాలో జాకబ్ ష్వెప్ దాన్ని వ్యాపారం చేశాడు. వాయువును బిగించి పట్టే సీసా కావాల్సి వచ్చి, 1872లో హిరమ్ కాడ్ గాజు గోళీ ఉన్న సీసాకు పేటెంటు పొందాడు. మన వీధుల్లో టప్పుమన్న చప్పుడు అక్కడి నుంచి వచ్చింది. సోడాలో వాయువు ఉంటుంది గానీ, రాతి నుంచి నీరు నెమ్మదిగా పోగుచేసుకున్న లవణాలు ఉండవు. ఆ తేడా చిన్నది కాదు.

వైద్యంలో స్థానం

నర్జాన్ స్నానంలో దిగిన కాసేపటికి నీటిలో ఉన్న మేర చర్మం ఎర్రబడుతుంది. పైన ఉన్న భాగం మామూలుగానే ఉంటుంది. వాయువు చర్మం గుండా చొరబడి సన్నని రక్తనాళాలను వెడల్పు చేయడమే దీనికి కారణం. నాడి కొద్దిగా నెమ్మదిస్తుంది, రక్తపోటు కాస్త దిగుతుంది. నీరు శరీరం వేడి కంటే చల్లగా ఉన్నా వెచ్చగానే తోస్తుంది. చల్లని నర్జాన్‌ను నేరుగా మరిగిస్తే వాయువంతా పోతుంది కనుక, తొట్టి అడుగు నుంచి ఆవిరితో మెల్లగా వేడిచేసే ఏర్పాటు చేశారు. తాగే నీటి విషయంలో పాతకాలపు వైద్యులు వేళను కూడా నిర్ణయించారు. కడుపులో ఆమ్లం తక్కువైనవాళ్లు భోజనానికి కాస్త ముందు, ఆమ్లం ఎక్కువైనవాళ్లు గంటకు పైగా ముందు వెచ్చచేసిన నీటిని తాగాలన్నారు.

ఈ ఫలితాల్లో స్నానపు ప్రభావం కొలతకు దొరికేదే. కానీ అది జబ్బును కుదిర్చే మందుకు బదులు కాదు, మందుకు తోడు మాత్రమే. మూడు వారాల విశ్రాంతి, కొండగాలి, రోజూ నడక, మితాహారం కూడా ఆ మేలులో పాలుపంచుకుంటాయి. ఆ సంగతిని పాత వైద్యులు దాచలేదు. కిస్లవోద్స్క్ ఉద్యానవనంలో రోగి బలాన్ని బట్టి నడవాల్సిన దారులను వాళ్లే గీసిపెట్టారు.

ముప్పు, రక్షణ

కార్బన్ డయాక్సైడ్ గాలి కంటే ఒకటిన్నర రెట్లు బరువు. వాసన లేదు, రంగు లేదు. ఊటల పక్క గోతుల్లో, నేలమాళిగల్లో, మూసిన స్నానశాలల్లో అది అడుగున నిలుస్తుంది. గాలిలో 5 శాతం చేరితే ఊపిరి వేగం పుంజుకుంటుంది. 10 శాతం దాటితే నిమిషాల్లో స్పృహ పోతుంది. 1986లో ఆఫ్రికాలోని కామెరూన్‌లో న్యోస్ సరస్సు అడుగున పోగైన ఇదే వాయువు ఒక్క రాత్రిలో సుమారు 1,700 మందిని పొట్టన పెట్టుకుంది. కాకసస్ ఊటలు అంతటి నిల్వలు కావు, కానీ గుంతలో పడుకుని నీరు తాగబోవడం ఎక్కడైనా తప్పే.

బుగ్గలకు మనిషి నుంచి ఉన్న ముప్పు ఇంకా పెద్దది. నీరు ఇంకే ఎగువ కొండల్లో చెట్లు కొట్టినా, మురుగు వదిలినా, క్వారీలు తవ్వినా ఫలితం వెంటనే కనిపించదు. ఏళ్ల తర్వాత బుగ్గలో తేలుతుంది. పట్టణాల్లో కొత్త కట్టడాల పునాదులూ, విచ్చలవిడి బోర్లూ ఒత్తిడిని దెబ్బతీస్తాయి. 1992లో రష్యా కాకసస్ ఖనిజజలాల ప్రాంతాన్ని ప్రత్యేక రక్షణ గల పర్యావరణ, ఆరోగ్యధామ ప్రాంతంగా ప్రకటించింది. అయితే హోటళ్ల వ్యాపారం పెరిగేకొద్దీ ఆ రక్షణను అమలు చేయడం కష్టమవుతున్నది. బుగ్గ చుట్టూ పది గజాలు కంచె వేసి, వాన ఇంకే వందల చదరపు కిలోమీటర్లను వదిలేస్తే రక్షించినట్టు కాదు. ప్రభుత్వాలు ముందు కాపాడవలసింది ఆ ఎగువ కొండలనే.

నర్జాన్, బోర్జోమి, ఎస్సెంతుకి సీసాలు ఇప్పుడు అనేక దేశాల దుకాణాల్లో దొరుకుతాయి. కొనేవాళ్లు ముందుగా లేబుల్ మీద లీటరుకు లవణాలెన్ని గ్రాములో చూడాలి. రష్యా ప్రమాణాల ప్రకారం 1 గ్రాము లోపు అయితే రోజూ తాగే నీరు, 1 నుంచి 10 గ్రాములైతే మితంగా వాడే ఔషధ, భోజన జలం, 10 దాటితే పూర్తిగా మందు. రక్తపోటు, మూత్రపిండాల జబ్బు, గుండె బలహీనత ఉన్నవాళ్లు సోడియం ఎక్కువున్న ఎస్సెంతుకి, బోర్జోమి వంటి నీటిని వైద్యుణ్ని అడగకుండా తాగకండి.